దొరగారి గో ఆన్

ఏడు పరగణాల తెలివినంతా ఒక చాటలో పోసి చెరిగితే, పొల్లు ఎగిరిపోగా మిగిలిన గట్టి గింజలన్నీ కొప్పరవాడలో దొడ్డివారి పెరట్లోనే రాలాయట. ఈ మాట ఎవరన్నారంటే దొడ్డివారే అన్నారు. తెలివంతా వాళ్ళ దగ్గరే ఉంటే ఇంకొకళ్ళకి ఎలా తెలుస్తుంది మరి!

ఆ ఇంట్లో ఐదుగురు. ఇంటికి పెద్ద పోలమ్మ. ఆవిడ గొంతెత్తి అరిస్తే కొండ మీద మేస్తున్న మేకలు మేత మానేసి దిగొచ్చేవి. పెద్దకొడుకు దాలయ్య, వాడి పెళ్ళాం నూకాలు. రెండోవాడు గవరయ్య. పెళ్ళి చేసుకోనని చిన్నప్పుడే చెప్పేశాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. కడగొట్టువాడు పెంటయ్య. వాళ్ళది చెరుకు సాగు. పెరట్లో గానుగ, పాక కింద బెల్లం వండే పెనం. ఆ పెనం ఎంతదంటే, ఓ ఏడాది వానల్లో అది నిండిపోతే ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పడవ వెయ్యాల్సొచ్చింది.

"మనిసి సెప్పిన మాట సెప్పినట్టు ఇనాల," అనేది పోలమ్మ రోజుకి ముప్పైసార్లు. "దానికి తోకలూ కొమ్ములూ తగిలించి, ఇది కాదు అది, అది కాదు ఇది అనుకోబట్టే ఊళ్ళో జనం ఇలాగ తగలడ్డారు."

ఆ మాట మీదే ఇల్లంతా నడిచేది. ఓసారి ఊరి పెద్దనాయుడు పొరుగూరు వెళ్తూ, "దాలయ్యా, నా గేదెని ఓ కంట కనిపెట్టు," అన్నాడు. అంతే, దాలయ్య ఎడమకంటికి గుడ్డ కట్టేసి, కుడికంటితో రెండు రోజులు రెప్ప వెయ్యకుండా గేదెని చూశాడు. దొంగలు ఎడమవైపు నుంచి వచ్చి గేదెని తోలుకుపోయారు. "రెండు కళ్ళతో సూడమనుంటే సూసీవోణ్ణి గదా!" అన్నాడు దాలయ్య. ఇంటిల్లిపాదీ నిజమే కదా అన్నారు.

ఇంత తెలివైన ఇంట్లో పుట్టీ, పెంటయ్యకి ముప్పై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఐదు సంబంధాలు వచ్చాయి, ఐదూ పోయాయి. కడపటి సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు, మర్యాద కోసం, "మమ్మల్ని పరాయోళ్ళనుకోకండి, ఇంట్లో మనుసులే అనుకోండి," అన్నారు. అలాగేనని పోలమ్మ పెళ్ళికూతురి తండ్రి చేత పేడ ఎత్తించింది, మేనమామ చేత పశువులశాల కడిగించింది, మేనత్త చేత అంట్లు తోమించింది. వాళ్ళు పొద్దు తిరక్కుండానే వెళ్ళిపోయారు.

పెంటయ్యకి ఆ ఐదుగురి కోసం బెంగలేదు. వాడి బెంగంతా దేముడమ్మ కోసం. అమ్మవారి తీర్థంలో గాజుల దుకాణం దగ్గర చూశాడు ఆ పిల్లని. గాజులమ్మేవాడు, "ఈ గాజులు నీ సేతికి పుట్టినియ్యే తల్లీ," అంటే, "మరి నానెవరికి పుట్టేను?" అని నవ్వింది. ఆ నవ్వు పెంటయ్య చెవిలో పడి అక్కడే కాపురం పెట్టేసింది. ఆరు నెలలనుంచి వాడు ఎడమచెవి కడుక్కోవడం మానేశాడు, నవ్వు జారిపోతుందేమోనని.

అలాంటిది, ఆ దేముడమ్మ తండ్రి జోగినాయుడే కబురు పంపాడు. మధ్యవర్తి వచ్చి చెప్పాడు కదా:

"జోగినాయుడికి రెండే రెండు కావాల. ఒకటి మర్యాద. మర్యాదంటే ఆయన పడి సస్తాడు. రెండోది పనితనం. రేపు పొద్దున్న పిల్లని కూడా ఎంటబెట్టుకొని వొస్తన్నాడు, తల్లిలేని పిల్ల గదా, ఆయన ఎక్కడికెల్తే అక్కడికే. మీరేటీ మాటాడకండి. ఏటీ సెయ్యకండి." ఇలా అన్నాక, తను చెప్తున్నది దొడ్డివారికని మధ్యవర్తికి గుర్తొచ్చింది. "కాదు కాదు! పని సేసుకుంటా ఉండండి! మీ పని మీరు సేసుకుంటా ఉండండి, సాలు!"

ఆ పూట పెంటయ్య అన్నం ముట్టలేదు. "అమ్మా, ఈ సమ్మందం పోయిందంటే నానింక ఏ పెళ్ళీ సేసుకోను," అన్నాడు.

"పోదురా బాబూ," అంది పోలమ్మ. "పని సేసుకోమన్నాడు. సేసుకుందుము. అందులో తప్పడానికేటుంది?"

తెల్లారింది. పెనం పొయ్యెక్కింది. చెరుకురసం కుతకుతా ఉడుకుతోంది. ఆ వాసన గాలిలో కలిసి ఎంత దూరం పోయిందంటే, పక్క జిల్లాలో చీమలు మూటాముల్లే సర్దుకుని బయల్దేరిపోయాయి. పెంటయ్య కొత్త తలపాగా చుట్టుకుని, దారివైపే చూస్తూ దడి దగ్గర నిలబడ్డాడు.

గుర్రపు డెక్కల చప్పుడైంది. వాడు తలపాగా సర్దుకున్నాడు. తీరా చూస్తే వచ్చింది జోగినాయుడు కాదు, దొర. ఆ ప్రాంతంలో భూములు కొలిపించడానికి వచ్చిన దొర. మనిషి ఎర్రగా, పొడుగ్గా, కొబ్బరిచెట్టుకి టోపీ పెట్టినట్టున్నాడు. వెనకాల గొడుగు పట్టుకుని, రొప్పుతూ, బడిపంతులు విస్సన్నగారు పరిగెడుతున్నారు.

బెల్లం వాసనకి దొర గుర్రం ఆపాడు. దడి మీంచి తొంగిచూశాడు. దొరని చూడగానే పెరట్లో ఐదుగురూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా బిగుసుకుపోయారు. తనవల్ల పని ఆగిపోయిందనుకున్నాడు కాబోలు, దొర నవ్వి, చెయ్యి ఊపి, "గో ఆన్! గో ఆన్!" అని, గుర్రాన్ని అదిలించి వెళ్ళిపోయాడు.

దాలయ్య ఒక్క గెంతులో దడి దాటి పంతులుగారి గొడుగు పట్టుకున్నాడు. "బాబ్బాబు, దొరగోరు ఏటన్నారు?"

పంతులుగారికి ఇంగ్లీషు గురించి ఎవరైనా అడిగితే రొప్పు తగ్గిపోయేది. "గో అంటే వెళ్ళడం. ఆన్ అంటే మీద," అన్నారు.

"దేనిమీదకెల్లాలండి?"

"అక్కడే ఉంది ఇంగ్లీషు గొప్పతనం! రెండూ విడివిడిగా ఉన్నప్పుడే వెళ్ళడమూ, మీదానూ. పక్కపక్కన పెట్టావా, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, దేని మీదకీ ఎక్కక్కర్లేదు. చేస్తున్న పని ఆపకుండా చేస్తూ ఉండండి అని అర్థం."

పోలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "రెండు మాటలు కలిస్తే, రెండిటి అర్దాలూ పారిపోయి మూడోది వొచ్చి కూకుందా! అదేటి కాపరం బాబూ!"

"ఎంతసేపు సెయ్యాలండి?" అన్నాడు పెంటయ్య.

దొర అప్పటికే మలుపు తిరిగిపోయాడు. "ఆగమనేదాకా!" అని అరుస్తూ పంతులుగారు పరుగెత్తారు.

ఇంకేముంది! దాలయ్య అందర్నీ పిలిచి వరసగా నిలబెట్టాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"దొర ఆగ్నంటే ఆగ్నే. దొర ఆ మాటన్నప్పుడు ఎవులెవులు ఏటి సేస్తన్నారో అదే సెయ్యాల. ఒకళ్ళ పని ఇంకొకళ్ళు సెయ్యకూడదు. నానైతే తొట్టిలోంచి రసం ముంచి పెనంలో పోస్తన్నాను. నువ్వేటే?"

"పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తన్నాను," అంది నూకాలు.

"అమ్మా, నువ్వు?"

"పక్కింటోళ్ళ కోడిపెట్ట మన బెల్లం అచ్చులెక్కి తొక్కతంటే తిడతన్నాను."

"గవరిగా?"

గవరయ్య సిగ్గుపడ్డాడు. "ఈపు గోక్కుంటన్నాను."

"పెంటిగా, నువ్వేటి సేస్తన్నావు?"

పెంటయ్య ఆలోచించాడు. "దొరకి సలాం పెడతన్నాను."

"మరింకేటి! మొదలెట్టండి!"

అంతే. దాలయ్య తొట్టిలోంచి కడవతో రసం ముంచి పెనంలో పొయ్యడం, నూకాలు మంట ఎగదొయ్యడం. పెనం దించే పని ఎవరిదీ కాదు, దొర వచ్చినప్పుడు ఎవరూ దించడంలేదు కనక. పాకం వచ్చింది, ముదిరింది. దాని మీద కొత్త రసం పడింది, మళ్ళీ పొంగింది. ఆ పొంగు అంచులు దాటి, పెరడంతా పాకుతూ, వరదగోదారిలా మెలికలు తిరుగుతూ బయల్దేరింది.

పోలమ్మ కోడిపెట్టని తిట్టింది. అది బెదిరి పక్కింటి గంపకింద దూరింది. పోలమ్మ వెంటపడి వెళ్ళి, గంప పక్కన చతికిలబడి తిట్టింది. కోడిని ఎంతసేపని తిడతాం? అరగంటకి తిట్లు అయిపోయాయి. అప్పుడిక పోలమ్మ దాని వంశానికి ఎక్కింది. "నీ తాతకి ఈకలు రాలా! నీ అమ్మమ్మ పొదిగిన గుడ్డు మురిగిపోనూ!" కోడి అంతా విని, అవమానంతో గుడ్డు పెట్టేసింది. పోలమ్మ ఆ గుడ్డుని కూడా అందుకుంది.

గవరయ్య మొదట గోళ్ళతో గోక్కున్నాడు. గోళ్ళు అరిగిపోయాయి. చెరుకుగడతో గోక్కున్నాడు. గడ పీచైపోయింది. స్తంభానికి రాసుకున్నాడు, స్తంభం సన్నబడింది. చివరికి పాకకి చేరేసిన నిచ్చెన వెతుక్కుని, దాని మెట్లకి వీపు ఆనించి, పైకీ కిందకీ, పైకీ కిందకీ రుద్దుకోవడం మొదలెట్టాడు. రెండో నిమిషానికే నిచ్చెన కాళ్ళు మట్టిలోంచి ఊడొచ్చి, వాడి వీపే దానికి ఆధారమైపోయింది.

పెంటయ్య దడి దగ్గర నిలబడి సలాం మీద సలాం పెడుతున్నాడు. దొర లేడు. దొర వెళ్ళిన దారి ఉంది కదా, దానికి పెడుతున్నాడు.

సరిగ్గా ఆ దారమ్మటే వచ్చాడు జోగినాయుడు. కిర్రు చెప్పులు, జరీ కండువా, చేతిలో వెండిపొన్ను కర్ర. వెనకాలే దేముడమ్మ. పెంటయ్య ఆ పిల్లని చూశాడు. నోరు తెరిచి, "రండి మావా," అందామనుకున్నాడు. కానీ మాటాడ్డం దొర వచ్చినప్పుడు చేస్తున్న పని కాదు. నోరు మూసుకుని సలాం పెట్టాడు.

జోగినాయుడి మొహం చాటంతయింది. "ఓహోహో! ఎంత మర్యాద!" అని తనూ సలాం పెట్టాడు. పెంటయ్య ఇంకొకటి పెట్టాడు. మర్యాదస్థుడు కదా, జోగినాయుడు దానికీ బదులిచ్చాడు. పెంటయ్య మూడోది పెట్టాడు. జోగినాయుడూ పెట్టాడు. ఇరవై దాటాయి. నలభై దాటాయి. జోగినాయుడికి భుజం లాగేస్తోంది, అయినా అవతలివాడు పెట్టిన సలాం వదిలేస్తే పరువేం కాను? తొంభయ్యోదానికి ఆయన కర్ర కుడిచేతికి మార్చుకుని, ఎడమచేత్తో పెట్టసాగాడు.

"నాన్నా," అంది దేముడమ్మ, "మనం సూడ్డానికొచ్చేమా, సలాం పోటీకొచ్చేమా?"

"ఆగవే! ముందు ఆ అబ్బాయి ఆపనీ!"

ఆ అబ్బాయి ఎక్కడ ఆపుతాడు! దేముడమ్మకి నిలబడి కాళ్ళు పీకాయి. కూర్చోమనే నాథుడు లేడు. తనే వెళ్ళి పాక పక్కనున్న నులకమంచం మీద కూర్చుని, ఓ చెరుకుముక్క తీసి నములుతూ తమాషా చూడసాగింది.

అప్పటికి నూకాలికి పిప్పి అయిపోయింది. ఎగదొయ్యడం మాత్రం ఆపకూడదు. ఎండు ఆకు వేసింది. ఆకైపోయింది. పీట వేసింది, రోకలి వేసింది, నాగలి వేసింది. అటూ ఇటూ చూసేసరికి సలాముల మధ్య జోగినాయుడు విడిచిన కిర్రు చెప్పులు కనిపించాయి. వాటినీ వేసింది. కాలుతున్నప్పుడు కూడా అవి కిర్రు కిర్రుమన్నాయి. తర్వాత వెండిపొన్ను కర్ర. ఆయన చేతిలోంచే లాక్కుంది. ఆయనకి వద్దనడానికి తీరిక లేదు, నూటఅరవయ్యో సలాంలో ఉన్నాడు.

ఇక మిగిలింది నులకమంచం. నూకాలు మంచంకోడు పట్టుకుని పొయ్యివైపు లాగింది.

"ఓలమ్మ, నానున్నాను!" అంది దేముడమ్మ.

"నువ్వుండమ్మా, నాకు మంచమే కావాల," అని నూకాలు ఇంకా లాగింది.

పెంటయ్య చూశాడు. ఆరు నెలలుగా చెవిలో దాచుకున్న నవ్వు మంచమెక్కి పొయ్యిలోకి పోతోంది! ఇటు చూస్తే దొర ఆజ్ఞ. వాడి బుర్ర ముప్పై రెండేళ్ళలో మొదటిసారి పనిచేసి, కిర్రుమంది. దొర వచ్చినప్పుడు సలాం పెట్టింది కుడిచేత్తో. ఎడమచేతికి ఆజ్ఞ లేదు! అంతే, కుడిచేత్తో సలాం పెడుతూనే ఒక్క ఉరుకు ఉరికి, ఎడమచేత్తో మంచాన్ని ఇటు లాగాడు. అటు వదిన, ఇటు మరిది. మంచం సాగిసాగి మూడు బారలైంది. దేముడమ్మ ఎగిరి కిందకి దూకింది. మంచం పొయ్యిలోకి పోయింది.

దేముడమ్మ పెంటయ్యని తేరిపార చూసింది. వాడు ఆ పిల్లకి కూడా సలాం పెడుతున్నాడు.

"సెయ్యి నొప్పెట్టట్లేదేటి?" అంది.

పెంటయ్య చటుక్కున నోరు తెరిచేశాడు. "పెడతంది. దొర ఆపమన్లేదు."

దేముడమ్మ నవ్వింది. ఆ నవ్వుకి వాడి కుడిచెవి కూడా నిండిపోయింది.

అటు మంచం మంట భగ్గున లేచి పాక చూరంటుకుంది! జోగినాయుడికి అప్పుడు స్పృహ వచ్చింది. "ఓరి మీ ఇల్లు బంగారం గానూ! పాక అంటుకుంది, ఆపండి! నీళ్ళు తెండి!" అని కేకలేశాడు.

"ఆపకూడదు మావా," అన్నాడు దాలయ్య రసం పోస్తూ. "దొర గో ఆన్ అన్నాడు. ఎల్లడం గాదు, మీద గాదు, ఆపకూడదని."

"ఏ దొర? ఎక్కడి దొర? ఎవులు సెప్పేరు?"

"పంతులుగోరు సెప్పేరు."

"అమ్మీ, పరిగెట్టు! ఆ పంతుల్ని లాక్కురా!" అని కూతురికి చెప్పి, జోగినాయుడు తడి గోనెపట్టా భుజానేసుకుని, గవరయ్య వీపు మీద ఆనుకునున్న నిచ్చెన ఎక్కేశాడు. గవరయ్య కిందకి రుద్దుకున్నప్పుడల్లా ఆయన కిందకి, పైకి రుద్దుకున్నప్పుడల్లా పైకి. పట్టా మంట మీద పడ్డంలేదు, ఆయన నెత్తిమీదే పడుతోంది.

దేముడమ్మ పంతులుగారిని గొడుగుతో సహా ఈడ్చుకొచ్చింది.

"ఆపండర్రా!" అన్నారు పంతులుగారు.

ఒక్కరూ ఆపలేదు. పక్కింటి గంప దగ్గర్నుంచి పోలమ్మ తలెత్తి, "తమరు దొరా బాబూ?" అని, మళ్ళీ తలదించి, "నీ పిల్లలకి పిల్లలు పుట్టకా!" అని కోడిని తిట్టింది.

"ఇంగ్లీసులో ఏసిన ముడి ఇంగ్లీసులోనే ఇప్పాల పంతులుగోరూ," అన్నాడు దాలయ్య. "తెలుగు సెల్లదు."

పంతులుగారు తల పట్టుకున్నారు. మనిషి పాతికేళ్ళుగా పిల్లలకి చెప్పిన ఇంగ్లీషంతా ఆ మంటవేడికి ఆవిరైపోయింది. కళ్ళు మూసుకుని, బెత్తం లేకపోయినా గాలిలో ఝళిపించి, ఒక్కసారి గర్జించారు: "గివ్ అప్!"

"అంటే ఏటండి?"

"గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. కానీ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, పైకి చూడక్కర్లేదు. పట్టుకున్న పని వదిలెయ్యండి! ఉన్నపళంగా!"

ఇంకేముంది! వదిలేశారు. దాలయ్య కడవ వదిలేశాడు, అది భళ్ళున బద్దలైంది. నూకాలు పట్టుకున్న కొరివికట్టె వదిలేసింది, అది పంతులుగారి గొడుగు మీద పడింది. పోలమ్మ తిట్టు సగంలో వదిలేసింది. మిగతా సగం ఏమిటోనని ఆ కోడి చచ్చేదాకా బెంగపెట్టుకుందట. గవరయ్య గోక్కోవడం వదిలేసి, "అమ్మయ్య," అని నాలుగడుగులు పక్కకి జరిగాడు.

నిచ్చెన ఊరుకుంటుందా? జోగినాయుణ్ణి మోసుకుని ఇటు ఊగి, అటు ఊగి, ఆయన్ని గిరవాటేసినట్టు తీసుకెళ్ళి చల్లటి రసం తొట్టిలో కూలేసింది. జోగినాయుడు మంచి భారీ మనిషి. తొట్టిలో రసమంతా తాటిచెట్టంత ఎత్తు లేచి, పాక మీద వానలా కురిసింది. మంట బుస్సుమని ఆరిపోయింది. ఆ వానకి కొప్పరవాడ బావుల్లో నీళ్ళు మూడేళ్ళు తియ్యగా ఉన్నాయి.

"లేవదీయండ్రా నన్ను!" అన్నాడు తొట్టిలోంచి జోగినాయుడు.

"వొదిలీమన్నారు మావా," అన్నాడు గవరయ్య.

ఆయనే బూతులు నమిలి మింగుతూ పైకి లేచి, గట్టు దాటి పెరట్లో కాళ్ళు పెట్టాడు. అక్కడ గోరువెచ్చటి పాకం పరుచుకుని, అప్పుడే గట్టిపడుతోంది. రెండడుగులు వేశాడు. మూడో అడుగు రాలేదు. పాదాలు రెండూ బెల్లంలో బిగుసుకుపోయాయి. గుంజుకున్నాడు, తిట్టాడు, మెలికలు తిరిగాడు. మనిషి పాతేసిన రాయిలా నిలబడిపోయాడు.

"ఈ ఇంటికి పిల్లనిస్తానా! నా సెప్పులు కాల్చేరు! నా కర్ర కాల్చేరు! నన్ను ఊరగాయలా నానబెట్టేరు! అమ్మీ, పద ఎలిపోదుము!"

"ఎలా ఎల్తావు నాన్నా?" అంది దేముడమ్మ.

అదీ నిజమే. పెంటయ్య ఓ మూల కూర్చుని, వాచిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆరో సంబంధం. ఇదే ఆఖరి సంబంధం. దేముడమ్మ వాణ్ణి చూసింది, తండ్రిని చూసింది, నడుమ్మీద చేతులు పెట్టుకుంది.

"నాన్నా, ఇప్పటికి ఎంతమందిని సూసేం? ఒకడికి సెప్పింది ఇనబడదు. ఒకడికి ఇనబడినా సెయ్యడు. ఇంకొకడు మొదలెడతాడు, సగంలో లేచిపోతాడు. ఈ మనిసికి ఓ మాటు సెప్తే సాలు, సెయ్యి ఊడిపోయినా ఆపడు. ఇలాటోడు కాపరానికి ఎంత బాగుంటాడో ఆలోసించు. ఏటి సెప్పాలో నాను సెప్పుకుంటాను గదా!"

జోగినాయుడు బుసలు కొట్టాడు. "నాకు మర్యాద..."

"మర్యాదా? ఎన్ని సలాములు పెట్టేడు నీకు?"

ఆయన ఆగి లెక్కేసుకున్నాడు. "నూటతొంభై మూడు." మొహం మెల్లిగా మెత్తబడింది. "నిజమేనే. నాను పుట్టి బుద్దెరిగినాక, ఒక్క పూటలో నాకెవులూ ఇన్ని సలాములు పెట్టనేదు. మా నాన్న సచ్చినప్పుడొచ్చినోళ్ళు కూడా ఇన్ని దండాలు పెట్టనేదు." కాస్సేపు మీసం దువ్వుకున్నాడు. అదీ రసానికి అట్టకట్టి, వేళ్ళకి అతుక్కుపోయింది. "సరే. ఇచ్చేను పిల్లని. ముందు నా కాళ్ళు ఇప్పించండి."

పెంటయ్య లేచి ఎగిరిన ఎగురుకి తలపాగా చూరుకి తగులుకుంది. గునపం తెచ్చి మామగారి పాదాల చుట్టూ బెల్లాన్ని చెక్కాడు. కాళ్ళయితే వచ్చాయి కానీ అరికాళ్ళకి చెరో బెల్లం పలక వచ్చేసింది. "సెప్పులు కాల్చేరు గదా, ఇయ్యి సరిపోతాయి," అంది పోలమ్మ. జోగినాయుడు బెల్లం చెప్పులతో టకటకా నడుచుకుంటూ మూడు కోసుల దూరంలో ఉన్న ఇంటికి పోయాడు. వెనకాల పదహారు లక్షల చీమలు ఊరేగింపుగా నడిచాయి.

పెళ్ళి జోగినాయుడి ఊళ్ళో జరిగింది. ముహూర్తంలో పొరపాటు లేదు, మూడు ముళ్ళూ మూడే పడ్డాయి, భోజనాల్లో ఒక్కరు కూడా మంటల్లో పడలేదు. దొడ్డివారు ఇంత బుద్ధిగా ఉంటారని ఎవరూ అనుకోలేదు. అప్పగింతలదాకా వచ్చింది. జోగినాయుడు కూతురి చేతులు పాలలో ముంచి, పోలమ్మ చేతుల్లో పెట్టాడు. కళ్ళనీళ్ళు ధారలు కట్టాయి.

"వొదినా, తల్లిలేని పిల్ల. కాలు కింద పెట్టనీకుండా పెంచుకున్నాను. మీ సేతుల్లో పెడతన్నాను. మీరూ అలాగే సూసుకోండి."

"అలాగే సూసుకుంటాం అన్నా," అంది పోలమ్మ, కళ్ళొత్తుకుని. వెంటనే కొడుకుల వైపు తిరిగింది. "ఇన్నారు గదా? పట్టండి!"

అంతే. పోలమ్మవి రెండు, దాలయ్యవి రెండు, గవరయ్యవి రెండు, పెంటయ్యవి రెండు, మొత్తం ఎనిమిది చేతులు దేముడమ్మని ఎత్తేశాయి. బండి ఎక్కించనివ్వలేదు, బండి చేతులు కాదు కనక. మూడు కోసులూ అలాగే మోసుకొచ్చారు. దేముడమ్మ మొదటి కోసు, "దింపండి బాబూ," అని బతిమాలింది. రెండో కోసు తిట్టింది. మూడో కోసుకి ఎండా గాలీ బాగుండి, హాయిగా నిద్రపోయింది.

ఇల్లు చేరారు. నూకాలు ముందే బండిలో వచ్చి, గుమ్మంలో ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని సిద్ధంగా ఉంది. "కొత్తకోడలు కుడికాలు గడప లోపల పెట్టి రావాల!" అంది.

అందరూ ఆగిపోయారు.

"కుడికాలు పెట్టాల," అన్నాడు గవరయ్య.

"కాలు కింద పెట్టనీకూడదు," అన్నాడు దాలయ్య.

"పెట్టాల. పెట్టకూడదు. పెట్టాల. పెట్టకూడదు," అంటూ పోలమ్మ అటూ ఇటూ తల ఆడించింది. పైగా ఆ గుమ్మంలో నలుగురు పక్కపక్కన పట్టరు. పెంటయ్య గుమ్మం కేసి చూశాడు, పెళ్ళాం కేసి చూశాడు. ఇంత కష్టపడి తెచ్చుకున్న పెళ్ళాం గుమ్మం దాటకుండానే ఉండిపోతుందా? వాడి బుర్ర రెండోసారి కిర్రుమంది.

"అమ్మా! కాలు గడప దగ్గరికి దిగకూడదంతే గదా? గడపనే కాలు దగ్గరికి తెద్దుము!"

ఇల్లంతా చప్పట్లు కొట్టబోయింది కానీ చేతులు ఖాళీ లేవు. గునపం పట్టడానికి ఖాళీగా ఉన్న చేతులు కొత్తకోడలివే. నూకాలు పళ్ళెం ఓ చేత్తో పట్టుకునే గునపం అందించింది. దేముడమ్మ ఎనిమిది చేతుల మీద కూర్చుని, పారాణి పాదాలు ఊపుకుంటూ, ఠంగుమని ఓ పోటు పొడిచింది. రెండో పోటుకి గోడ వణికింది. మూడో పోటుకి గడపా, ద్వారబంధం, తలుపులూ అన్నీ కలిపి ఊడొచ్చాయి. నూకాలు పళ్ళెం పక్కన పెట్టి, ఆ గుమ్మాన్ని ఎత్తిపట్టి, ముందు దేముడమ్మ కుడికాలికి గడప తాకించి, తర్వాత పాదాల మీంచి, మోకాళ్ళ మీంచి, తలమీంచి దాటించి, మోస్తున్న నలుగురి మీంచీ దాటించి, వెనకాల వీధిలో నిలబెట్టింది.

"కోడలు లోపలికొచ్చేసింది!" అని పోలమ్మ ఆనందబాష్పాలు కార్చింది.

గుమ్మం దాటాక ఉండేది ఇంటి లోపలే కదా. అంచేత వాళ్ళు నిలబడ్డ వీధంతా ఇల్లయిపోయింది. నూకాలు అక్కడే వీధి నడిమధ్య చాపలు పరిచి వడ్డించింది. ఊళ్ళోకి వచ్చే బళ్ళు ఆగిపోయాయి. "తలుపు కొట్టి రావాల, సెప్పకుండా ఇంట్లోకొచ్చేస్తారేటి?" అని దాలయ్య గదమాయించాడు. ఒక బండివాడు విసుక్కుంటూ దిగి తలుపు కొట్టాడు. వాడి వెనక ఇంకొకడు. పొద్దు వాలేసరికి ఆ గుమ్మం ముందు నలభై బళ్ళు, రెండు మందల గొర్రెలు, పల్లకీలో ఓ జమీందారుగారు వరసకట్టి, తమ వంతు కోసం చూస్తున్నారు.

వీళ్ళలో కాస్త తెలివున్న మనిషి దేముడమ్మ ఒక్కతే అనుకుంటారు కదా. ఆవిడ నలుగురి చేతుల మీదా సర్దుకుని కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, పెంటయ్య వైపు వంగింది.

"ఏమండీ, ఆ తలుపు గడియెయ్యమని సెప్పండి," అంది. "ఈదిలోంచి ఇంట్లోకి దుమ్మొచ్చేస్తంది."